నీళ్ళగంటకు లొంగని గది

భరణి కార్తె, ఆఖరు

నా పేరు హనుమక్క. నీడూరు ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి పెద్ద డాక్టర్ని. ఈ డ్యూటీ చిట్టాలో రోగి పేరుకెదురుగా జబ్బు అంకె మాత్రమే వేయాలని ఊరిని నడిపే నీటిసభ రూలు. నేను వాక్యాలే రాస్తాను. అంకె వేస్తే అందులో మనిషి కనబడడు. చదవడం ఇష్టం లేనివాళ్ళు చదవకండి, నేనేమీ అనుకోను.

పొద్దున్నే ఒకాయన కడుపులో గ్యాస్ అని వచ్చాడు. ఒళ్ళంతా చెమట, మొహం పాలిపోయింది, ఎడమ దవడ లాగుతోందన్నాడు. గ్యాస్‌కు దవడ ఎందుకు లాగుతుంది? గుండె తీగలు పెట్టి చూస్తే గుండెపోటే. నమలడానికి మాత్ర ఇచ్చి, రక్తం గడ్డను కరిగించే మందు ఎక్కించాం. ఇంకో ఆమెకు మూతి ఒక పక్కకు జారింది. ఇంట్లోవాళ్ళు నిద్ర తక్కువై అలా అయిందనుకుని పడుకోబెట్టబోయారట. పక్కింటామె మొండిది కాబట్టి లాక్కొచ్చింది, సమయానికి మందు పడింది. మధ్యాహ్నం ఒక తేలుకాటు. రోజు మామూలుగానే గడిచింది.

సాయంత్రం ఈరమ్మ వచ్చింది. ఊరంతటికీ నీడనిచ్చే పందిరి ఉంది కదా, దాని మీదికెక్కి గుడ్డ చిరిగిన చోటల్లా కుట్టే ఆడవాళ్ళకు ఈమె మేస్త్రీ. కింద మనకు నీడ, పైన వాళ్ళకు నిప్పులు. అరచేతిలో దబ్బనం దిగిన ఒక పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"మేడం, దీనికి సూది ఏసేది నేర్పించినా, సూది ఏయించుకునేది నేర్పించలేదు. రోంత పట్టుకోండి, పారిపోతాది," అంది.

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. గాయం కడుగుతుండగా నీళ్ళగంట మోగింది. ఊళ్ళో అందరిలాగే మేమూ లోటాలు ఎత్తి గటగటా తాగాం. ఖాళీ చేయకపోతే లోటా అడుగున ఎర్రదీపం వెలుగుతుంది, ఆ దీపం ఎవరిదో నీటిసభకు తెలుస్తుంది. గంట తప్పినవాళ్ళంటే ఊళ్ళో చిన్నచూపు. పెళ్ళిసంబంధాలప్పుడు కూడా అడుగుతారు, పిల్లోడు గంట తప్పేరకమా అని.

కృత్తిక కార్తె, మొదలు

ఎండ ముదిరింది. గాలిలోంచి నీళ్ళు పిండే యంత్రాలు నిండుగా పనిచేస్తున్నాయి కాబట్టి నీళ్ళగంటలు పెంచుతున్నామని నీటిసభ చాటింపు వేసింది. ఊరు పండగ చేసుకుంది. ఒకప్పుడు చెంబెడు నీళ్ళకు ఊరూరూ తిరిగిన జనం కదా, నీళ్ళు మిగిలాయంటే సంబరం రాకుండా ఎలా ఉంటుంది?

ఈ వారం పందిరి మీంచి కొందరు, యంత్రాల దగ్గర నుంచి కొందరు కళ్ళు తిరిగి పడిపోయి వచ్చారు. తలనొప్పి, వాంతులు, మాట తడబాటు. మా మందుల బీరువాకు జబ్బు పేరు చెప్తేనే తలుపు తెరుస్తుంది. దాని నిదానం చూసి మా నర్సు వన్నూరప్ప దానికి గుమాస్తా అని పేరు పెట్టాడు. లక్షణాలు విని గుమాస్తా ఏ అనుమానమూ లేకుండా చెప్పింది: "ఎండదెబ్బ. తీపి డ్రిప్ రెండు సీసాలు. మెలకువ ఉంటే నీళ్ళు తాగించాలి. నీటివార్డుకు పంపాలి."

రూలు ప్రకారం పై అంతస్తులో నీళ్ళు పట్టించే ఆ వార్డుకు పంపాను. అందులో ఇద్దరు నీటివార్డులో ఫిట్స్ వచ్చి చనిపోయారు. చాలినన్ని నీళ్ళు తాగలేదని వార్డు డాక్టరు రాశాడు. నాకు నచ్చలేదు. ఆ ఇద్దరినీ నా చేత్తో ముట్టుకున్నాను. వాళ్ళ ఒళ్ళు కాలడం లేదు. ఎండదెబ్బ తగిలిన ఒళ్ళు పెనంలా కాలాలి. వీళ్ళ చర్మం చల్లగా, తేమగా ఉంది.

కృత్తిక, నడిమి

ఇంకా వస్తున్నారు. ఇప్పుడు నేను గుమాస్తాను అడగడానికి ముందు రోగినే చూస్తున్నాను. జ్వరం లేదు. నాలుక ఎండిపోలేదు. దప్పికవుతోందా అని అడిగితే, నీళ్ళ పేరెత్తితేనే కడుపులో తిప్పుతోందంటున్నారు. కక్కేది అన్నం కాదు, నీళ్ళు. వేళ్ళు ఉబ్బి ఉంగరాలు బిగుసుకుపోయాయి. ఒంట్లో నీళ్ళు లేక పడిపోయినవాడి ఉంగరం వదులవుతుంది గానీ బిగుసుకుంటుందా?

ఒక సంగతి నవ్వొచ్చేది, రాసిపెడతాను. మన ఊళ్ళో ఉప్పు చిటికెల్లెక్కన ఇస్తారు. ఉప్పు తింటే దప్పిక, దప్పికైతే నీళ్ళ ఖర్చు అని కరువుకాలంలో పెట్టిన కట్టడి అది. కరువు పోయినా కట్టడి పోలేదు. ఊరగాయ పెట్టడం నేరం. అయినా పాతవీధిలో అటక మీద జాడీ లేని ఇల్లు చూపించండి. నేను కూడా తింటాను, గోంగూర. రాసిపెట్టుకోండి. ఇన్ని రోజులుగా ఇంతమంది పడిపోతుంటే పాతవీధి నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు.

గంట మోగిన ప్రతిసారీ ఉప్పులేని ఒంట్లోకి ఉప్పులేని నీళ్ళు పోస్తున్నాం. ఒంట్లో ఉన్న కాస్త ఉప్పూ చెమటలో పోతోంది, మిగిలింది పలచబడుతోంది. నెత్తురు పలచబడితే మెదడు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. పుర్రె సాగదు. తలనొప్పి, వాంతి, తిక్కమాటలు, ఫిట్స్, చావు. అంతా వరసగా సరిపోతోంది. ఆ మనిషికి మేము ఇస్తున్న వైద్యం ఏమిటి? మరిన్ని నీళ్ళు.

నెత్తురులో ఉప్పు ఎంతుందో కొలిచే పరీక్ష మా దగ్గర లేదు. ఉప్పు తినని ఊరికి ఉప్పు పరీక్ష దేనికని ఎప్పుడో తీసేశారు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

కృత్తిక, ఆఖరు

నీటిసభ కార్యదర్శి శివలీలక్క దగ్గరకు వెళ్ళాను. ఆమెను చెడ్డమనిషి అని రాస్తే నాకే సిగ్గు. కరువుకాలంలో కుటుంబమంతా నడిచిపోతుంటే ఆమె చంకలో ఉన్న తమ్ముడు దప్పికతో పోయాడు. చివరిదాకా ఆ పిల్లాడు నీళ్ళు అడగను కూడా లేదట. అడిగే ఓపిక పోయింది. ఆ రోజు నుంచి మనిషి అడిగేదాకా ఆగకూడదని ఆమె పట్టుదల. ఈ గంట పెట్టించింది ఆమే.

నేను చెప్పిందంతా విన్నది. మధ్యలో ఒక్క మాటా అడ్డు రాలేదు.

"డాక్టరమ్మా, దప్పికైనప్పుడు తాగుతారులే అని వదిలేస్తే ఏమైతాదో నేను చూసినా. నువ్వు సూడలే."

"నేను ఇప్పుడు చూస్తాండా కదక్కా. గంటకు తాగి సచ్చిపోతాండారు."

"నీళ్ళు తాగి ఎవురన్నా సచ్చిపోతారా?"

"మన ఊళ్ళో పోతాండారు."

"రుజువు ఉండాదా?"

"పరీక్ష తెప్పించండి, చూపిస్తా."

"ఉప్పు పరీక్ష అడిగితే జనం ఏమనుకుంటారు? ఉప్పు మళ్ళా వస్తాదనుకుంటారు. వద్దు."

మరుసటి రోజు చాటింపు వచ్చింది. పడిపోతున్నవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ప్రజల క్షేమం కోసం గంటలు రెట్టింపు. విన్నప్పుడు నా చేతిలో ఉన్న గాజుగుడ్డ కట్టను గోడకేసి కొట్టాను. వన్నూరప్ప దాన్ని తీసి దుమ్ము దులిపి అలమరలో పెట్టాడు.

రోహిణి కార్తె, మొదలు

ఈరమ్మను మోసుకొచ్చారు.

పందిరి మీద కుడుతూ కుడుతూ దబ్బనాన్ని గాల్లో ఆడిస్తోందట. పక్కనున్నవాళ్ళు వేళాకోళమనుకున్నారు. ఆ మనిషి ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం చేస్తుంది కదా. తర్వాత నీళ్ళు కక్కింది, వాళ్ళ పేర్లు మరిచిపోయింది. ఎండకు తగిలిందనుకుని మూడు లోటాలు బలవంతంగా తాగించి తీసుకొచ్చారు. ప్రేమతోనే తాగించారు, అదే నాకు ఏడుపు తెప్పించింది.

నుదురు చల్లగా ఉంది. కాలివేళ్ళు ఉబ్బి మెట్టెలు చర్మంలోకి కోసుకుపోతున్నాయి. "ఈరమ్మా, నేనెవరు?" అంటే నన్ను వాళ్ళమ్మ అనుకుని పాలు పితికావా అని అడిగింది. అంతలోనే కళ్ళు పైకి తేలి, ఒళ్ళు బిగుసుకుని ఫిట్స్ మొదలయ్యాయి.

పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నోట్లోది లాగేసి ప్రాణవాయువు పెట్టాం. వేలు పొడిచి చక్కెర చూశాం, సరిగానే ఉంది. ఫిట్స్ ఆపే సూది వేశాను, ఆగి మళ్ళీ మొదలయ్యాయి. ఒక కనుపాప రెండోదానికంటే పెద్దదవుతోంది. ఆ గుర్తు చూస్తే ఏ డాక్టరు గుండెకైనా దడ పుడుతుంది. మెదడుకు ఇక చోటు లేదు.

"గుమాస్తా, గాఢ ఉప్పునీళ్ళ సీసా," అన్నాను.

"ఆ మందు నిల్వలో లేదు. ఎండదెబ్బకు తీపి డ్రిప్ రెండు సీసాలు ఇవ్వమంటారా?"

"వద్దు."

"ఎందుకు వద్దో అంకె చెప్పండి."

దానికి అంకె లేదు. మన నీటిసభ వేసిన పట్టికలో నీళ్ళు ఎక్కువై చనిపోవడం అనే జబ్బే లేదు. అప్పుడు నాకు సోడా సూది గుర్తొచ్చింది. యంత్రాల కింద పడి కాళ్ళు నలిగినవాళ్ళకు వేసే మందు అది. ఉప్పులో ఏ సరుకు ఉందో అదే సరుకు ఆ సూదిలో చిక్కగా ఉంటుంది. గాఢ ఉప్పునీళ్ళు దొరకని చోట అది ప్రాణం నిలబెడుతుందని చదువుకున్నాను, ఎప్పుడూ వాడలేదు.

"గుమాస్తా, ఈమెకు కాలు నలిగింది. సోడా సూది ఇవ్వు."

"ఏ కాలు?"

"ఎడమ."

తలుపు తెరుచుకుంది. అవును, అబద్ధం చెప్పాను. ఈ చిట్టాలోనే రాస్తున్నాను, ఎవరైనా వెతుక్కునే పని లేకుండా. ఈరమ్మ కాళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

నరంలోకి నిదానంగా ఎక్కిస్తున్నాను. వన్నూరప్ప తల పట్టుకున్నాడు. "మేడం, ఇది తప్పయితే?" అని అడిగాడు. "తప్పయితే నాది, నీది కాదు. తల గట్టిగా పట్టుకో," అన్నాను. భయపడలేదని రాస్తే అదొక అబద్ధమవుతుంది. ఒకటి చాలు ఈ రోజుకు. నా చంకలు తడిసిపోయాయి.

సగం ఎక్కేసరికి ఫిట్స్ సన్నగిల్లాయి. పూర్తయ్యేసరికి ఆగిపోయాయి. రెండు కనుపాపలూ ఒక తీరుకొచ్చాయి. ఇంకొకటి వేయమని చెయ్యి లాగుతోంది గానీ ఆపేశాను. ఉప్పును ఉన్నపళంగా పైకి లాగితే అదీ మెదడుకు ముప్పే. తర్వాత ఆమె ఒంట్లోని నీళ్ళు బయటకు పోవడం మొదలైంది. మేము పక్కబట్టలు మార్చుకుంటూ కూర్చున్నాం. బట్టలు తడిసినందుకు ఇంత సంతోషపడ్డ రోజు నాకు ఇంకొకటి లేదు.

నీళ్ళగంట మోగింది. ఎవరో అలవాటు కొద్దీ లోటా ఈరమ్మ నోటి దగ్గరకు తెచ్చారు. "ఆ లోటా ఈమె మూతికి తగిలిందంటే చేతులు విరిచేస్తా," అన్నాను. డాక్టరు అనవలసిన మాట కాదు. అన్నాను.

రోహిణి, మరుసటి రోజు

ఈరమ్మ కళ్ళు తెరిచింది. మొదట చుట్టూ చూసింది, తర్వాత తన కాళ్ళు చూసుకుంది.

"నా మెట్టెలు ఎవరు కోసినారు?"

"నేనే."

"కోసేటప్పుడు నన్నొక మాట అడగల్ల కదా మేడం."

"అడిగినా. పాలు పితికినావా అని అడిగినావు నన్ను."

ఆమె నవ్వింది. తల నొప్పిగా ఉందంటూనే నవ్వింది. నేను బయట వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి అత్యవసర విభాగం తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాను: ఈ గదిలో గంటకు తాగే పని లేదు. దప్పికైతే తాగండి.

ఇక్కడి నుంచి నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను: నీటివార్డుకు మనుషులను పంపడం కూడా ఆపేశాను. మెలకువ ఉండి మింగగలిగినవాళ్ళకు నీళ్ళు ఆపి, ఉప్పు దండిగా వేసిన చారు చిన్న గిన్నెతో ఇస్తున్నాం. ఉప్పు ఎక్కడిదని అడుగుతారు కదా. పాతవీధి నుంచి వస్తోంది. కొంగుల కింద దాచుకుని, ముడుపుల్లా తెచ్చి బల్ల మీద పెట్టి, పేరు చెప్పకుండా పోతున్నారు. వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది తమ కాళ్ళ మీద తాము ఇంటికి నడిచి వెళ్ళారు. నా గదిలో లోటాలన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. వెలగనీ.

రోహిణి, నడిమి

శివలీలక్క తొలగింపు ఉత్తర్వుతో తనే వచ్చింది. వెనక ఇద్దరు సభ్యులు. పందిరి కుట్టే ఆడవాళ్ళు వరండా నిండా నిలబడి ఉన్నారు. ఈరమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"బీరువాకు అబద్ధం చెప్పినావు. దొంగ ఉప్పు వాడినావు. గంట ఆపినావు," అంది శివలీలక్క. గొంతు పెంచలేదు.

"అన్నీ నిజమేనక్కా. చిట్టాలో రాసినా కూడా. ఈమె కూర్చోని ఉండాది, ఇదీ రాసుకోండి."

"ఒకామె బతికింది. రేపు నీ మాట విని ఊరంతా తాగేది మానేస్తే? నా తమ్ముని మాదిరి ఎంతమంది పోతారు?"

నాకు జాలేసింది, కానీ వెనక్కి తగ్గలేదు. "తాగొద్దని నేను ఎవురికీ చెప్పలేదు. మీ తమ్మునికి నీళ్ళు దొరకలే. ఇప్పుడు దొరుకుతాయి. దప్పికైనోడు తాగుతాడు. అడగలేనోని ఒళ్ళు చూసి చెప్పేదానికి నేను ఉండా. గంటకు ఒళ్ళు చూసే కండ్లు లేవక్కా."

ఆమె ఉత్తర్వు బల్ల మీద పెట్టబోతుండగా వరండాలో కలకలం రేగింది. గాజుపలకల కొలిమిలో పనిచేసే ఉరుకుందప్పను చాపలో వేసి తీసుకొచ్చారు. తిక్కతిక్కగా అరుస్తున్నాడు, తనను పట్టుకున్నవాళ్ళను తంతున్నాడు. వరండాలో ఆడవాళ్ళు ఒకేసారి అందుకున్నారు. "ఈరమ్మ మాదిరే ఉండాడు. ఉప్పెక్కించండి మేడం. సోడా సూది వేయండి."

నేను చేసిన వైద్యాన్నే నాకు గంటలా మోగిస్తున్నారు. కోపం వచ్చింది. "అందరూ నోరు ముయ్యండి," అని అతని ఛాతీ మీద చెయ్యి పెట్టాను. చెయ్యి చురుక్కుమంది. చెమట చుక్క లేదు, చర్మం పొడిగా గరగరలాడుతోంది, నాలుక చెక్కలా ఎండింది. వేలి ఉంగరం వదులుగా తిరుగుతోంది. కొలిమి గాలిమర పాడైతే పొద్దుటి నుంచి అందులోనే పనిచేశాడని తెచ్చినవాళ్ళు చెప్పారు. జ్వరం కొలిచే కర్ర చూసి వన్నూరప్ప నా వైపు తిప్పాడు. ఇంకాసేపు అలాగే ఉంటే లోపలి అవయవాలు ఉడికిపోతాయి.

"ఇది అసలైన ఎండదెబ్బ. వన్నూరప్పా, బట్టలు తీసెయ్. వంటింట్లో ఎంత మంచు ఉంటే అంతా తే. నీళ్ళు కావల్ల, బిందెలు బిందెలు కావల్ల."

అందరూ నన్నే చూస్తూ నిలబడిపోయారు. నిన్నటిదాకా నీళ్ళు వద్దన్న మనిషి కదా.

"నిలబడితే ఇతను పోతాడు. దుప్పట్లు తడిపి ఇవ్వండి. మీరు ఇద్దరూ విసరండి, ఆపొద్దు. శివలీలక్కా, ఆ కాగితం కింద పెట్టి ఇట్ల రా. చంకల్లో, మెడకాడ, గజ్జల్లో మంచుముక్కలు పట్టుకోవల్ల. జారిపోతే మళ్ళా పెట్టు."

సభ్యుల్లో ఒకడు "కార్యదర్శిగారిని అట్ల..." అంటూ ముందుకొచ్చాడు. శివలీలక్క అప్పటికే చీర కుచ్చెళ్ళు బొడ్డులో దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఉత్తర్వు ఎక్కడ పడిందో నేను చూడలేదు. నేను నరం దొరకబుచ్చుకుని మామూలు డ్రిప్ పెట్టాను. వన్నూరప్ప బిందెలు కుమ్మరిస్తున్నాడు. నేల మీద నీళ్ళు పారుతున్నాయి. ఈ ఊళ్ళో నీళ్ళు నేలపాలు చేయడం మహాపాపం, ఆ రోజు ఎవరూ పాపం సంగతి ఎత్తలేదు.

అరుపులు తగ్గాయి. కాసేపటికి అతని కళ్ళు ఒక చోట నిలిచాయి. "చలి," అన్నాడు. జ్వరం దిగుతోంది.

"ఇప్పుడు ఆపల్లనా?" అని శివలీలక్క నన్ను అడిగింది. ఆమె వేళ్ళు మంచుకు తెల్లబడి ఉన్నాయి.

"ఇంకొంచెం. నేను చెప్పేదాకా."

"ఈరమ్మదీ ఇతనిదీ చూసేదానికి ఒకే మాదిరి ఉండాది. నువ్వెట్ల కనిపెట్టినావు?"

"ముట్టుకున్నా."

ఆమె అరచెయ్యి అతని నుదుటి మీద ఆనించి ఉంచింది, తీయలేదు. ఆ చెయ్యి అక్కడ ఎవరిని వెతుకుతోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు నీళ్ళగంట మోగింది. సభ్యుడు అలవాటు కొద్దీ లోటా నింపి పరుగున తెచ్చి శివలీలక్క ముందు వంగి పట్టుకున్నాడు. వరండాలో ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. ఆమె మంచుముక్కను అతని మెడ కింద సర్దుతూ తలెత్తకుండానే అంది:

"ఆడ పెట్టు. దప్పికైతే తాగుతా."